పరదేశపు శిక్ష, స్వదేశపు లైసెన్సు



శ్రీకూర్మనాథస్వామి కొలువుదీరిన మా గ్రామము మొదలుకొని, వంశధార సముద్రములో కలియు కళింగపట్నము మీదుగా, కొబ్బరితోటలతోను జీడితోటలతోను పచ్చగా నుండు ఉద్దానమును దాటి, ఒడిశా పొలిమేరనున్న ఇచ్ఛాపురము వరకు వ్యాపించిన ఈ తీరభూమిలో, బ్రతుకుతెరువునకై సముద్రము దాటిన మనుష్యుడు ఒక్కడైనను లేని ఊరు దొరకుట కష్టము. తాతల కాలమున ఓడలెక్కి రంగూనుకు పోయినారు. నేటి యువకులు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, డ్రైవర్లుగా దుబాయి, కువైటు, ఖతరు, సింగపూరు చేరుచున్నారు. పెద్దచదువులు చదివినవారు అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశములలో స్థిరపడుచున్నారు. వీరిలో అధికసంఖ్యాకులు చెమటోడ్చి సంపాదించినది ఇంటికి పంపి, ఏ మచ్చయు లేక తిరిగి వచ్చువారే. కాని, ఒకానొక సెలవుదినమున స్నేహితుల బలవంతము మీద రెండు గ్లాసులు పుచ్చుకొని, ఆ చేతితోనే బండి తాళము పట్టినందున పోలీసులకు చిక్కి, కోర్టులో నేరము ఋజువై, జరిమానా కట్టియో, జైలులో నుండియో, ఉద్యోగము పోగొట్టుకొనియో ఇల్లు చేరినవారును లేకపోలేదు. అట్టివారును వారి తలిదండ్రులును నలుగురిలో అడుగుటకు సిగ్గుపడుచు, మనస్సులోనే మథనపడు ప్రశ్న ఒకటి కలదు. పరదేశములో త్రాగి వాహనము నడిపినందుకు పడిన శిక్ష, స్వదేశములోని డ్రైవింగు లైసెన్సును ఏమి చేయును? ఈనాటి ప్రసంగమునకు అదియే విషయము.

ముందు సూటిగా సమాధానము చెప్పి, పిమ్మట లోతుపాతులు విచారింతము. పరదేశపు న్యాయస్థానము విధించిన శిక్ష తనంతట తానుగా మన దేశపు లైసెన్సును రద్దు చేయదు. గల్ఫు దేశములలో నివాసానుమతి పొంది పనిచేయు మనవాడు సాధారణముగా ఆ దేశపు పరీక్ష నెగ్గి, ఆ దేశపు లైసెన్సుతోనే బండి నడపవలెను. అక్కడి కోర్టు చేయి వేయగలిగినది దానిమీదనే. సంయుక్త అరబ్బు ఎమిరేట్లలో 2025 మార్చి 29 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త ట్రాఫిక్ చట్టము ప్రకారము, మద్యము సేవించి వాహనము నడిపినవానికి 20,000 మొదలు 1,00,000 దిర్హముల వరకు జరిమానా గాని, జైలు గాని, రెండును గాని పడవచ్చును. మొదటి తప్పునకు మూడు మాసములకును, రెండవ తప్పునకు ఆరు మాసములకును తక్కువ గాకుండ లైసెన్సు నిలిపివేయబడును. మూడవ తప్పుతో అది రద్దగును. అంతటి కఠినమైన ఉత్తరువు వెలువడిన దినమున కూడ, శ్రీకాకుళపు రవాణాశాఖ కార్యాలయము ఇచ్చిన కార్డు మాత్రము మన ఇంటి బీరువాలో చీరల మడతల నడుమ చెక్కుచెదరక యుండును.

ఇది ఎందువలన? మన దేశమున రహదారులకు సంబంధించిన ప్రధానశాసనము 1988 నాటి మోటారు వాహనముల చట్టము. దాని 185వ సెక్షను ప్రకారము, 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నట్లు పరీక్షలో తేలినవాడు వాహనము నడిపిన యెడల, మొదటిసారి ఆరు మాసముల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసిన యెడల రెండు సంవత్సరముల వరకు జైలు గాని, 15,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని. 2019లో జరిగిన సవరణకు పూర్వము మొదటి తప్పునకు జరిమానా 2,000 రూపాయల వరకే యుండెడిది. ఇక 20వ సెక్షను, ఈ నేరమునకు శిక్ష విధించిన న్యాయస్థానము ఆరు మాసములకు తక్కువ గాకుండ అతనిని లైసెన్సుకు అనర్హునిగా ప్రకటించి తీరవలెనని శాసించుచున్నది. కాని ఆ శిక్ష 185వ సెక్షను క్రింద పడిన శిక్ష కావలెను; ఆ న్యాయస్థానము ఈ చట్టము చెల్లు నేలమీది న్యాయస్థానము కావలెను.

మన జిల్లా పొలిమేరనుండియే దీనికి ఉదాహరణ చెప్పవచ్చును. ఇచ్ఛాపురము దాటి పురుషోత్తపురము చెక్‌పోస్టు వద్ద రాష్ట్రపు ఎల్ల దాటిన లారీడ్రైవరు ఒకడు, తెలుగువారు విస్తారముగా నున్న బరంపురములో త్రాగి పట్టుబడినాడనుకొందము. రాష్ట్రము వేరైనను చట్టము ఒక్కటే కనుక, అక్కడి మేజిస్ట్రేటు విధించిన అనర్హత ఈ గట్టుకు వచ్చినను అతనిని విడువదు. 2019 సవరణ తర్వాత, త్రాగి నడిపినవాని లైసెన్సును పోలీసులు స్వాధీనము చేసికొని లైసెన్సింగు అధికారికి పంపుదురు. ఆ అధికారి అతని మాట విన్న పిమ్మట, వదలివేయుటకు తగిన కారణము లేనియెడల, మొదటి తప్పునకు మూడు మాసములు లైసెన్సును నిలుపును. రెండవ తప్పునకు రద్దు చేయును. ఆ మనిషియే మస్కట్టులో ఆ తప్పే చేసియుండినచో, ఈ యంత్రాంగములో ఒక్క చక్రమైనను తనంతట కదలదు. గట్టు దాటిన తప్పు ఇల్లు చేరును, సముద్రము దాటిన తప్పు అక్కడనే నిలిచిపోవును.

ఇది చట్టములోని లొసుగని కొందరు నొసలు చిట్లింపవచ్చును. కాని దీని వెనుక న్యాయమైన కారణమొకటి కలదు. త్రాగుట, నడుపుట అను రెండు మాటలు ఎల్లయెడల ఒక్కటేయైనను, నేరమునకు గీచిన గీత దేశదేశమునకు మారుచుండును. మనకు 30 మిల్లీగ్రాములు హద్దు. సింగపూరులోను, కెనడాలోను, ఇంగ్లండులోను, అమెరికాలోని అత్యధిక రాష్ట్రములలోను అది 80. స్కాట్లండు 2014 నుండి 50కి దించుకొన్నది. గల్ఫు దేశములలో చాలవరకు సహింపదగిన హద్దే లేదు. కువైటులోను, సాధారణ ప్రజలకు సౌదీ అరేబియాలోను మద్యమే నిషిద్ధము. కనుక లండనులో శిక్షపడినవాడు సాధారణముగా మన కొలతకు రెండింతలకు పైగా త్రాగినవాడే యగును. గల్ఫులో శిక్షపడినవాడు మన కొలత ప్రకారము నేరస్థుడు కాకపోవచ్చును గూడ. ఇంత భిన్నమైన తూనికరాళ్ళతో తూచిన తీర్పులను, విచారణ లేక ఒక్క గాటను కట్టి లైసెన్సులు రద్దుచేయుట ధర్మము గాదు. ఐరోపా దేశములు ఒకదాని ఉత్తరువును మరియొకటి మన్నించుటకు 1976లో ఒక ఒడంబడిక వ్రాసికొన్నవి. ఇంగ్లండు, ఐర్లండు దేశములు పరస్పరము వాహనచోదకుల అనర్హతలను గుర్తించుకొనుచున్నవి. అందుకు ముందుగా కొలతలలోను విచారణపద్ధతిలోను నమ్మకము కుదురవలసియున్నది.

ఇంతవరకు విని, ఇక భయము లేదని నిశ్చింతపడిన శ్రోత యున్నచో, ఆయన మరికొంచెము ఓపిక పట్టవలెనని నా ప్రార్థన.

మనవాడు స్వల్పకాలమునకు పరదేశము పోవునపుడు, ఇక్కడి లైసెన్సు ఆధారముగా రవాణాశాఖవారి వద్ద అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు పుచ్చుకొనును. అది ఏడాదికి మాత్రమే చెల్లును. 1949లో జెనీవాలో కుదిరిన రహదారి రాకపోకల ఒడంబడిక దానికి మూలము. ఆ ఒడంబడిక నిర్ణయించిన నమూనా ప్రకారము అది బూడిదరంగు అట్టగల చిన్న పుస్తకము. పుటలు త్రిప్పగా ఒకే విషయము పలుభాషలలో కనిపించును. చిట్టచివరి పుటలో ఫోటో, సంతకము, ఏయే తరగతి బండ్లు నడపవచ్చునో తెలుపు ముద్రలు ఉండును. ఆ ప్రక్కనే, తీసికొన్నవారిలో చదివినవారు అరుదుగా నుండు ఖాళీగడులు కొన్ని కలవు. ఈ పర్మిటుదారుడు ఫలానా దేశములో, ఫలానా కారణముచేత, వాహనము నడపు హక్కు కోల్పోయినాడని అక్కడి అధికారి వ్రాసి, ముద్రవేసి, తేదీతో సంతకము పెట్టుటకు ఏర్పరచిన చోటు అది. అంతియే కాదు. తన గడ్డమీద అట్టి నేరము చేసినవాని పర్మిటును, అనర్హతాకాలము ముగియువరకో, అతడు దేశము విడుచువరకో, ఏది ముందైన దానివరకు ఉంచుకొనుటకును, అతని పేరు, చిరునామా ఆ పర్మిటు ఇచ్చిన అధికారికి తెలియజేయుటకును ఆ ఒడంబడిక 24వ అధికరణము అనుమతించుచున్నది. కావున మన కార్యాలయమునకు ఆ వార్త చేరుటకు ద్వారము మూయబడిలేదు.

వార్త చేరినపుడు మన అధికారి ఏమి చేయగలడు? 20వ సెక్షను న్యాయస్థానమునకు ఇచ్చిన అధికారము వేరు. 19వ సెక్షను లైసెన్సింగు అధికారికి ఇచ్చిన అధికారము వేరు. అలవాటుపడిన త్రాగుబోతు అని తేలినవానిని, లేదా తన పూర్వప్రవర్తనచేత తాను బండి నడపుట ప్రజలకు ప్రమాదకరమని చూపుకొన్నవానిని, కోర్టు శిక్షతో నిమిత్తము లేకుండగనే, కొంతకాలము అనర్హునిగా చేయుటకో, లైసెన్సును బొత్తిగా రద్దుచేయుటకో ఆ సెక్షను వీలిచ్చుచున్నది. ఆ పూర్వప్రవర్తన భారతదేశపు రోడ్డుమీదనే జరిగియుండవలెనన్న మాట ఆ వాక్యములో లేదు. అయితే ఆ మనిషికి తన మాట చెప్పుకొను అవకాశమీయవలెను. కారణములు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. ఆ ఉత్తరువు చేరిన ముప్పది దినములలో అప్పీలు చేసికొను హక్కు ఉన్నది. కనుక పరదేశపు తీర్పు మన లైసెన్సును తెగవేయు కత్తి కాకపోయినను, మన అధికారి ఎదుట సాక్ష్యముగా నిలువగల కాగితమే.

కొంతకాలము క్రిందట, మా ప్రాంతపు రైతు ఒకాయన నా వద్దకు వచ్చి, చాలసేపు వానల సంగతి, వరిధర సంగతి మాటలాడి, లేచిపోవు సమయమున గడప దగ్గర ఆగి అడిగినాడు.

“బావూ, మా గుంటడికి ఆ దేశంల తాగి బండి నడిపినాడని కేసయ్యిందట. జరిమానా కట్టీసి ఇంటికొచ్చీసినాడు. ఇక్కడ ఆడి లైసెన్సు పోద్దేటి?”

“పోదులే అన్నా,” అన్నాను.

ఆయన ముఖము తేటపడినది. కాని అంతలోనే రెండవ ప్రశ్న వచ్చినది. “మరి లారీ లైసెన్సుకి కాయితం పెడతన్నాడు. అక్కడ అడిగితే సెప్పాలేటి బావూ? సెప్పకపోతే తెలిసిపోద్దేటి?”

“తెలిసినా తెలియకపోయినా, అడిగినదానికి అబద్ధం రాయొద్దను అన్నా. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఒక మాట అడిగి ఊరుకుంటారు. దాచిపెట్టి తీసుకున్న లైసెన్సు ఎప్పుడు బయటపడితే అప్పుడు పోతుంది,” అన్నాను.

నా ఉద్దేశములో ఆ రైతు అడిగిన రెండవ ప్రశ్నయే అసలు ప్రశ్న. మోసము చేసియో, అబద్ధము చెప్పియో పొందిన లైసెన్సును రద్దుచేయుటకు పైని చెప్పిన 19వ సెక్షనులోనే ప్రత్యేకముగా అధికారమున్నది. పరదేశపు శిక్షవలన పోని లైసెన్సు, దానిని కప్పిపుచ్చబోయి చెప్పిన అబద్ధమువలన పోవును. మరియొక సంగతి. పరదేశపు అధికారి ఇచ్చిన లైసెన్సు చేతనున్నవాడు స్వదేశమున అదే తరగతి లైసెన్సు కోరునపుడు, బ్రేకు ఇన్స్పెక్టరు ఎదుట మరల పరీక్షకు నిలువనక్కరలేకుండ 9వ సెక్షను ఒక సదుపాయము కల్పించినది. పది సంవత్సరములు దుబాయి రోడ్లమీద పెద్దబండ్లు త్రోలిన అనుభవమునకు మన చట్టము చేసిన గౌరవమది. అక్కడి లైసెన్సు రద్దుకాగా వట్టిచేతులతో వచ్చినవానికి ఆ గౌరవము దక్కదు. అతడు క్రొత్తవానివలెనే మొదటి మెట్టునుండి ఎక్కవలెను.

లైసెన్సు ఒక్కటే మన భయమునకు హద్దు కాకూడదు. నేరము ఋజువైన విదేశీయుని వెళ్ళగొట్టు అధికారము అక్కడి ప్రభుత్వములకు ఉండును. అమెరికా వీసా కోరువాడు, తాను ఎన్నడైనను అరెస్టయినాడా, శిక్షపడినదా అను ప్రశ్నకు దరఖాస్తులో సమాధానము వ్రాయవలెను. కెనడా దేశము 2018 డిసెంబరు 18 నుండి త్రాగి నడుపుటను పది సంవత్సరముల వరకు శిక్షింపదగిన ఘోరనేరముల కోవలో చేర్చినందున, ఆ శిక్ష ఏ దేశములో పడినను, కెనడాలో అడుగుపెట్టుటకే అడ్డంకి కాగలదు. మన పాస్‌పోర్టుల చట్టము మాత్రము ఈ విషయమున మెత్తగానున్నది. పూర్వపు శిక్షను కారణముగా చూపి పాస్‌పోర్టు నిరాకరించుటకు అది చెప్పినది భారతదేశములోని న్యాయస్థానము విధించిన శిక్షనే.

కాని అన్నిటికంటె గట్టిగా మనసున నాటుకొనవలసినది డబ్బు సంగతి. త్రాగి నడిపిన బండి వలన ఒకరి ప్రాణము పోయినచో, ఎమిరేట్ల న్యాయవ్యవస్థ మృతుని కుటుంబమునకు 2,00,000 దిర్హముల రక్తపరిహారము నిర్ణయించియున్నది. బీమా కంపెనీ ఆ సొమ్ము చెల్లించినను, త్రాగినవాని వద్దనుండి తిరిగి రాబట్టుకొనుటకు వ్యాజ్యము వేయవచ్చును. అట్లు వెలువడిన సివిలు డిక్రీ సముద్రము దాటి రాదనుకొనుట పాతకాలపు మాట. 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము సంయుక్త అరబ్బు ఎమిరేట్లను సివిలు ప్రొసీజరు కోడు 44ఎ సెక్షను క్రింద పరస్పరమర్యాద గల దేశముగా ప్రకటించినది. ఆనాటినుండి ఆ ప్రకటనలో పేర్కొన్న ఆ దేశపు కోర్టులిచ్చిన డబ్బు డిక్రీ, మన జిల్లా కోర్టులో దాఖలైన పిమ్మట, ఆ కోర్టే ఇచ్చిన డిక్రీవలె అమలు జరుగును. సింగపూరు, ఇంగ్లండు దేశముల డిక్రీలకు ఆ మర్యాద ముందునుండియే కలదు. ప్రభుత్వమునకు కట్టవలసిన జరిమానా ఇందులో చేరదు. గాయపడినవానికో, నష్టపోయినవానికో చెల్లింపవలసిన సొమ్ము చేరును. దీని అర్థమేమి? అక్కడి నేరమునకు ఇక్కడి లైసెన్సు పోకపోవచ్చును. కాని అక్కడ చేసిన నష్టమునకు ఇక్కడి రెండెకరముల పల్లపుభూమి వేలమునకు రావచ్చును. తండ్రి అమ్మనని మొండికెత్తి నిలుపుకొన్న భూమి, కొడుకు పేరుకు మారిన తరువాత, అమీను చేతిలోని కాగితముతో పోవుటకంటె దుఃఖకరమైనది మన పల్లెలలో వేరొకటి యున్నదా?

ఇక చట్టమును ప్రక్కనుంచి ఒక్కమాట విన్నవింతును. లైసెన్సు నిలిచినదా, పోయినదా అను విచారము న్యాయమైనదే; కాని ఆ విచారములో అసలు సంగతి మరుగున పడరాదు. త్రాగినవాని కన్ను ఆలస్యముగా చూచును, కాలు ఆలస్యముగా బ్రేకుమీద పడును, మనసు మాత్రము తన నేర్పును పెంచి చూపును. ఈ మార్పు షార్జాలో ఒక విధముగను శ్రీకాకుళములో ఒక విధముగను ఉండదు. పైగా అక్కడి విశాలమైన రోడ్లు, దీపములు, గీతలు ఇక్కడ లేవు. శ్రీకాకుళము నుండి మా ఊరికి వచ్చు దారిమీద సాయంకాలమున గడ్డిమోపులతో వచ్చు ఆడవారు, మందలు, బడిపిల్లల సైకిళ్ళు, స్వామిదర్శనమునకు నడిచివచ్చు యాత్రికులు కలసి సాగుదురు. రథసప్తమినాడు అరసవల్లి చుట్టుపట్ల రోడ్డంతయు మనుష్యులే. అట్టి చోట మన లైసెన్సు జేబులో భద్రముగా నున్నదన్న ధైర్యముతో తప్పతాగి బండి ఎక్కినవాడు, చట్టము చూపిన ఓర్పునకు వెలను తోటివాని ప్రాణముతో చెల్లించుచున్నాడు. తన అవయవములను తాబేలు లోనికి తీసికొన్నట్లు ఇంద్రియములను నిగ్రహించుకొనువానిని స్థితప్రజ్ఞుడని భగవద్గీత చెప్పినది. కూర్మావతారమును కులదైవముగా కొలుచు మనకు ఆ ఉపదేశము కొత్తగా వినిపింపనక్కరలేదు, ఆచరింపవలసియున్నది.

కావున, పరదేశమునకు బయలుదేరువారికి నేను చెప్పునది ఇది. వీసా, టిక్కెట్టు, అగ్రిమెంటు చూచుకొన్నంత శ్రద్ధగా, పోవు దేశపు రహదారి చట్టమును కూడ అడిగి తెలిసికొనుడు. ప్రయాణమునకు పూర్వము కేంద్రప్రభుత్వము ఇప్పించు ఒకరోజు శిక్షణకు తప్పక హాజరగుడు. అక్కడ ఈ విషయము చెప్పనియెడల మీరే లేచి అడుగుడు. దురదృష్టవశమున కేసులో చిక్కుకొన్నవారు భాష తెలియని కాగితములమీద సంతకము పెట్టకముందు భారత రాయబార కార్యాలయమునకు కబురు పంపుడు. తీర్పు నకలు, జరిమానా రసీదు, శిక్ష పూర్తియైనదన్న పత్రము, వాటి అనువాదములు భద్రపరచుకొని రండు. రేపు ఏ దరఖాస్తులో ఎవరడిగినను ఆ కాగితములే మీకు అండ. తిరిగి వచ్చినవారు దాపరికము మానుడు. త్రాగుడు అలవాటుగా ముదిరినదని అనుమానమున్నచో, స్టీరింగు పట్టుటకు ముందు ప్రభుత్వాసుపత్రులలోని డీఅడిక్షన్ కేంద్రములకు పోయి వైద్యము పొందుడు. అది సిగ్గుపడవలసిన పని గాదు.

ప్రభుత్వమువారికి ఒక విన్నపము. దేశదేశమునకు కొలతలు వేరైనను, త్రాగి నడిపి మనుష్యుని చంపినట్లు ఋజువైన నేరమునకు ఏ దేశములోను రెండవ అభిప్రాయముండదు. కనీసము అట్టి తీర్పులైనను మన లైసెన్సింగు అధికారులకు చేరునట్లు, చేరినపుడు ఆ మనిషి వాదము విని న్యాయముగా నిర్ణయించునట్లు, మనవారు అధికముగా నివసించు దేశములతో ఒప్పందములు కుదుర్చుకొనవలెను. మన చట్టములో విచారణకు, అప్పీలునకు ఏర్పాటు ఇదివరకే యున్నందున, ఇది నిర్దోషులకు బాధ కలిగించు పని గాదు.

అంతవరకు ఈ బాధ్యత కుటుంబముల మీదనే యున్నది. సంక్రాంతికి ఇల్లు చేరిన కొడుకు క్రొత్త మోటారుసైకిలు కావలెనని అడిగినపుడు, డబ్బు లెక్కపెట్టు తండ్రి ఒక్కక్షణమాగి, అక్కడ ఎట్లు నడుచుకొన్నావు నాయనా అని మొగమాటము లేక అడుగవలెను. కొడుకు నిజము చెప్పినచో కోపపడక విని, మానుదునని మాట పుచ్చుకొని, ఆ పిమ్మటనే తాళము చేతికీయవలెను. చట్టము అడుగని ప్రశ్నను అడుగు అధికారము తండ్రికి కలదు. దానిని ఉపయోగింపుమని ప్రతి ఇంటి పెద్దను చేతులు జోడించి వేడుకొనుచు, ఇంతటితో ముగించుచున్నాను.